మరమ్మతు – పునరుద్ధరణ: ఒక పాత మోటారు సైకిలు చెప్పు పాఠము

మరమ్మతు అను మాట అరబ్బీనుండి ఉర్దూ ద్వారమున తెలుగులోనికి వచ్చి, మన పల్లెలలో సైతము స్థిరపడినది. పునరుద్ధరణ సంస్కృత పదము. వ్యవహారమున ఈ రెంటిని ఒకే అర్థమున వాడుచున్నను, యంత్రముల విషయమున వీనికి భేదము కలదు. ఆగిన బండిని నడుచునట్లు చేయుట మరమ్మతు. అది ఏ రూపమున తయారైనదో ఆ రూపమునకు, ఆ నడకకు దానిని మరల తెచ్చుట పునరుద్ధరణ. మొదటి దానికి నేర్పు చాలును. రెండవ దానికి నేర్పుతోబాటు నిజాయితీ కూడ కావలెను. ఈ భేదమును ఒక ఉదాహరణముతో విద్యార్థులకు వివరించుట మా ఉద్దేశము.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప హైదరాబాదు పడమటి అంచున గల కొత్తగూడ, కొండాపూర్, మాదాపూర్ గ్రామముల రూపు మారిపోయినది. పొలములుండిన చోట అద్దాల మేడలు లేచినవి. అయినను ఆ మేడల వెనుక సందులలో, పాత ఇండ్ల రేకుల షెడ్లలో, చేతిపని ఇంకను మిగిలియున్నది. కొత్తగూడలో అట్టి యొక ఇంటి షెడ్డులో 1968 నాటి జావా మోటారు సైకిలును విప్పి తిరిగి కూర్చు పనిని మేము కొన్ని నెలలపాటు చూచితిమి. చిన్న పనులలో చేయి కలిపితిమి.

బండి పుట్టుక

జావా పుట్టినిల్లు చెకోస్లొవేకియా. యానెచెక్ అను పారిశ్రామికుడు 1929లో జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ నమూనాను స్వీకరించి ఈ బండిని ఆరంభించెను. ఆ రెండు పేర్ల తొలి అక్షరములు కలిసి జావా అయినది. మన దేశమున మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో ఉత్పత్తి ప్రారంభించినది. 1970వ దశకమున పేరు యెజ్దీగా మారినది. 1996లో కర్మాగారము మూతపడినది. 2018లో జావా, 2022లో యెజ్దీ పేర్లు క్రొత్త బండ్లపై మరల కానవచ్చినవి గాని, వాని ఇంజను నిర్మాణమే వేరు. ఆ భాగములు పాత బండికి అమరవు. కనుక పాత బండి కలవారికి ఆధారములు మూడే: పుత్లీబౌలి, రాణీగంజ్ అంగళ్లలోను ఎర్రగడ్డ ఆదివారపు సంతలోను దొరకు విడిభాగములు, కర్మాగారము ముద్రించిన పాత పుస్తకము, ఉస్తాదుల జ్ఞాపకము.

యంత్ర స్వరూపము

ఈ బండిది ఒకే సిలిండరు గల రెండు స్ట్రోకుల ఇంజను. సిలిండరు వ్యాసము 65 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు. దీనికి కవాటములు లేవు. పిస్టను పైకి పోవునపుడు దాని క్రింది క్రాంకు పెట్టె పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమమును లోనికి పీల్చును. పిస్టను దిగునపుడు ఆ మిశ్రమమును పై గదిలోనికి నెట్టును. అనగా క్రాంకు పెట్టెయే పంపుగా పనిచేయును. క్రాంకు ఇరుసు చివరల నుండు రబ్బరు సీళ్లు ఏండ్ల తరబడి ఎండి గట్టిపడినచో, ఆ సందున గాలి దూరి మిశ్రమము పలుచనగును. ఇంజను వేడెక్కి పిస్టను పట్టివేయును. పైకి కానరాని చిన్న సీలు ఇంజను ప్రాణమును కాపాడుచున్నది. ఈ బండికి మరియొక విశేషము కలదు. గేరు మార్చు కడ్డీయే కిక్కు కడ్డీ కూడ. లోనికి నొక్కి త్రిప్పినచో అది స్టార్టు చేయు సాధనమగును.

విప్పుట

విప్పుట సులభమని తలంచువారు కలరు. వాస్తవమునకు కూర్చుటలోని కష్టమంతయు విప్పునపుడు చేసిన అజాగ్రత్తనుండియే పుట్టును. షెడ్డులో పాటించిన నియమము ఇది: ఏ భాగమును విప్పకముందే ఫోటో తీయవలెను, విప్పిన మరలను, వాషర్లను వాని స్థానము వ్రాసిన డబ్బాలో వేయవలెను, ఒక రోజు విప్పిన దానిని ఆ రోజే పుస్తకములో ఎక్కించవలెను. తుప్పు పట్టిన మరను బలముతో త్రిప్పరాదు. నూనె పోసి రాత్రియంతయు నాననిచ్చి, ఉదయమున మెల్లగా కదలింపవలెను. జావా మరలు మిల్లీమీటరు కొలతలవి. బ్రిటిషు నమూనాపై వచ్చిన పాత బుల్లెట్టు బండ్ల మరలు అంగుళపు కొలతలవి. మేము చూచిన బండిలో పూర్వమెవరో అంగుళపు బోల్టును మిల్లీమీటరు రంధ్రములో బలవంతముగా ఎక్కించియుండిరి. బండి నడిచినది, రంధ్రపు గాడి మాత్రము చెడినది. ఆనాటి మరమ్మతు నేటి పునరుద్ధరణకు భారమైనది.

ఇంటి షెడ్డులో పనిచేయువారు రెండు అపాయముల నెరుగవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండును. దాని దుమ్మును నోటితోగాని గాలి పంపుతోగాని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. ఖాళీ పెట్రోలు ట్యాంకులో ఆవిరి నిలిచియుండును. సంపూర్ణముగా కడుగక వెల్డింగు చేయుట ప్రాణాంతకము.

ఏది ఉంచవలెను, ఏది మార్చవలెను?

పునరుద్ధరణకు హృదయస్థానము ఈ ప్రశ్న. బేరింగులు, సీళ్లు, బ్రేకు లైనింగులు అరుగుటకే పుట్టినవి. వానిని మార్చుట దోషము కాదు. సిలిండరు మాట వేరు. అది అరిగినచో ఖరాదుపై బోరు పెంచి, పెద్ద కొలత పిస్టను వేయుదురు. అట్లు పెంచుటకు హద్దు కలదు. ఒకసారి తీసిన లోహము మరల రాదు. కనుక కొలిచి, మరల కొలిచి, అవసరమైనంతయే తీయవలెను. రంగు విషయమునను ఇదే న్యాయము. పై పూతలను మెల్లగా గీకి, సీటు క్రింద దాగిన తొలి రంగును కనుగొని, దానికి సరిపోవు రంగునే వేయవలెను.

సాహిత్య విద్యార్థులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. సి.పి. బ్రౌన్ కడపలోని తన బంగళాలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు సేకరించి, పాఠములను పోల్చి చూపించెను. మంచి పరిష్కర్త తన ఊహను కవి మాటగా చెలామణి చేయడు. మంచి ఉస్తాదును అంతే. తాను చేయించిన క్రొత్త భాగమును పాతదని చెప్పడు.

చట్టమును ఈ భేదమును గుర్తించినది. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, చట్రమును ఇంజనును గణనీయముగా మార్చని బండ్లు వింటేజి వాహనములుగా నమోదు పొందవచ్చును. క్రొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరములు. అట్టి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు నడుపవచ్చును. నిత్యము తిరుగుటకు నడుపరాదు.

కూర్చుట

కూర్చునపుడు బలముకన్న భౌతికశాస్త్రము మేలు. అల్యూమినియము వేడికి ఉక్కుకన్న ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. అందుచే క్రాంకు పెట్టెను సుమారు 100 డిగ్రీలకు వేడిచేసినచో, సుత్తి దెబ్బ లేకయే ఉక్కు బేరింగు తన స్థానమున కూర్చుండును. పిస్టను రింగుల కొనలను గాడిలోని చిన్న చీలలకు సరిగా అమర్చవలెను. లేనిచో కొన సిలిండరు ద్వారములో తగుల్కొని విరుగును. పిమ్మట నిప్పురవ్వ వేళను కుదుర్చవలెను. పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటరు. పిస్టను పై అంచును చేరుటకు కొన్ని మిల్లీమీటర్ల ముందే నిప్పురవ్వ పుట్టవలెను. ఇంజను పలికిన పిదపను తొందర కూడదు. తొలి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడిపినగాని క్రొత్త రింగులు సిలిండరులో ఒదుగవు.

ఒక మనవి

ఆ షెడ్డులో పని నడిపిన ఉస్తాదు బడి చదువు అంతగా ఎరుగరు. పేచ్‌కస్ కొనను ఇంజనుపై ఆనించి, పిడిని చెవికి చేర్చి, లోపలి బేరింగు అరుగుదలను పసికట్టగలరు. వారి వద్ద నేర్చుకొనుచున్న శిష్యుడు ఒక్కడే. వారి విద్య ఏ గ్రంథమునను లేదు. వారి మాటలును ఏ నిఘంటువునను ఒకచోట లేవు. ఖరాదునకు తరిమెన, రేతికి ఆకురాయి, పేచునకు మరచీల అని మనకు తెలుగు మాటలు కలవు. పానా అను మాటను మాత్రము తెలుగువారును అట్లే స్వీకరించిరి. రెండు భాషలు ఒకే పనిబల్లపై కలిసిన చోటు ఇది.

మన విద్యార్థులలో పెక్కురి తండ్రులు, మేనమామలు ఇట్టి షెడ్లలోనే పనిచేయుచున్నారు. ఈ సెలవులలో ఒక్కొక్క విద్యార్థి తన ఇంటి పెద్దలను అడిగి, పనిముట్ల పేర్లను, పని విధానములను ఉర్దూలోను తెలుగులోను వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. వానిని ఒక చిన్న పుస్తకముగా కూర్చుటకు కళాశాల కమిటీవారు కొంత స్థలమును, కాగితమును సమకూర్చినచో చాలును. ఇనుప భాగము పోయినచో ఖరాదుపై మరల చేయించుకొనవచ్చును. ఉస్తాదుతో పోయిన విద్యను ఏ ఖరాదును చేసి ఇవ్వజాలదు.