దిగులు బద్ధకం కాదు: కార్టిసాల్, సెరటోనిన్ చెప్పే పాఠం

నేను హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే రోజుల్లో మా గదిలో ఒక మిత్రుడు ఉండేవాడు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. పరీక్షలు దగ్గర పడేకొద్దీ తెల్లవారుజామున మూడింటికే లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అన్నానికి పిలిచినా వచ్చేవాడు కాదు. మేమంతా “బద్ధకం” అని నవ్వాం. పీజీలో జీవశాస్త్రం చదివాక అది బద్ధకం కాదేమో అనిపించింది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ పాఠమే ఇక్కడ రాస్తున్నాను.

ఒత్తిడి హార్మోను

భయం, బాధ కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ సి.ఆర్.హెచ్. అనే హార్మోనును వదులుతుంది. అది పీయూష గ్రంథిని మేల్కొలుపుతుంది. పీయూష గ్రంథి ఎ.సి.టి.హెచ్. ద్వారా మూత్రపిండాల పైనున్న అధివృక్క గ్రంథులకు కబురు పంపుతుంది. అప్పుడు కార్టిసాల్ రక్తంలోకి వస్తుంది.

కార్టిసాల్ మనకు శత్రువు కాదు. రక్తంలో గ్లూకోజు పెంచి కష్టాన్ని తట్టుకునే శక్తినిస్తుంది. మామూలుగా ఉదయం ఎక్కువగా, అర్ధరాత్రికి తక్కువగా ఉంటుంది. సరిపడా పెరిగాక “ఇక చాలు” అని మెదడుకు తానే తెలియజేస్తుంది. ట్యాంకు నిండగానే మోటారు కట్టేసినట్టన్నమాట. ఒత్తిడి నెలల తరబడి సాగితే ఈ అదుపు దెబ్బతినవచ్చు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారిలో అందరికీ కాకపోయినా కొందరికి కార్టిసాల్ ఎక్కువగా ఉంటుంది.

సెరటోనిన్

1948లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే శాస్త్రవేత్తలు దీనిని రక్తం నుంచి వేరుచేశారు. 1953లో ట్వారోగ్, పేజ్ మెదడులోనూ ఉందని చూపారు. నిద్ర, ఆకలి, మానసిక స్థితి వీటన్నింటిలో దీనికి పాత్ర ఉంది. పప్పు, గుడ్డు, పాలలో ఉండే ట్రిప్టోఫాన్ నుంచి మన శరీరం దీనిని తయారుచేసుకుంటుంది.

రెండింటికీ ముడి

కార్టిసాల్ పెరిగితే కాలేయంలో ట్రిప్టోఫాన్‌ను వేరే దారికి మళ్లించే ఎంజైమ్ పెరుగుతుంది. అందువల్ల సెరటోనిన్‌కు ముడిసరుకు తగ్గవచ్చు. సెరటోనిన్ సందేశాన్ని అందుకునే కొన్ని గ్రాహకాలు కూడా హిప్పోకాంపస్‌లో తగ్గుతాయని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. ఇటు సెరటోనిన్ కూడా సి.ఆర్.హెచ్. విడుదలను ప్రభావితం చేస్తుంది. అంటే ఒకదాని మీద ఒకటి పనిచేస్తాయి.

అయితే “సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్” అని ఒక్క ముక్కలో చెప్పేయకూడదు. దానికి స్థిరమైన ఆధారం లేదని 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. ఫ్లూయాక్సెటీన్ వంటి మందులు సెరటోనిన్ మీద త్వరగానే పనిచేస్తాయి, గుణం కనిపించడానికి మాత్రం వారాలు పడుతుంది. వంశం, పేదరికం, అవమానం, ఒంటరితనం కూడా ఈ లెక్కలో ఉంటాయి.

మనం చేయవలసింది

దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టరును కలవాలి. మందులు సొంతంగా మొదలుపెట్టకూడదు, మానకూడదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక వైద్యం పొందడం మన హక్కని 2017 చట్టం చెబుతోంది.

నా మిత్రుడు పరీక్షలు రాయకుండానే పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో మాలో ఒక్కరం కూడా పక్కన కూర్చుని “ఏమైందిరా?” అని అడగలేదు. మీ గదిలో అలాంటివారు ఉంటే ఈ రాత్రే అడగండి.