మంచినీటి అక్వేరియంలో మొక్కల పోషణ: సస్యశాస్త్ర దృక్పథం

పీఠిక

గాజు తొట్టెలో చేపలతో పాటు సజీవమైన నీటి మొక్కలను పెంచే అభిరుచి పట్టణ గృహాలలో విస్తరిస్తున్నది. ఆకులు పసుపుబారడం, కొత్తగా నాటిన మొక్కలు వారం రోజులలో కరిగిపోవడం, గాజు గోడలకూ ఆకులకూ నాచు పట్టడం ఈ పెంపకందారులు ఎదుర్కొనే ప్రధాన సమస్యలు. వీటికి కారణాలు సస్యశాస్త్ర విద్యార్థికి కొత్తవి కావు. కాంతి, కర్బనం, పోషకాలు, నీటి స్వభావం అనే నాలుగు అంశాల నడుమ సమతుల్యత తప్పడమే వీటన్నిటికీ మూలం. పొలంలో నేర్చుకున్న రోగనిర్ణయం తొట్టెలోనూ పనిచేస్తుంది. కాని పొలానికి చెప్పే మోతాదును, మందును యథాతథంగా తొట్టెకు చెబితే అందులోని చేపలు చనిపోతాయి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చారిత్రక నేపథ్యం

అక్వేరియంకూ వ్యవసాయ రసాయన శాస్త్రానికీ ఉన్న బంధుత్వం పాతదే. ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒక పాత్రలో గోల్డ్‌ఫిష్ చేపలను, వాలిస్నేరియా మొక్కను కలిపి పెంచి, ఆ పరిశీలనలను 1850లో ప్రకటించాడు. కుళ్లిన ఆకుల వలన నీరు చెడిపోతుండగా, వాటిని తినే నత్తలను చేర్చిన తరువాత ఆ పాత్రలో సమతుల్యత ఏర్పడింది. అదే పేరు గల ఆయన కుమారుడు రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో నేలలోని నత్రీకరణపై విశేష కృషి చేశాడు. చేప విసర్జించే అమ్మోనియా సూక్ష్మజీవుల చర్యతో నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మారే ప్రక్రియ నేలలోనూ తొట్టెలోనూ ఒక్కటే. కొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు స్థిరపడటానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. అంతవరకు చేపల సంఖ్యను పరిమితంగా ఉంచాలి.

పరిమిత కారకం: కర్బనం

అత్యల్పంగా లభించే కారకమే దిగుబడిని నిర్ణయిస్తుందన్న లీబిగ్ కనిష్ఠ సూత్రం నీటి మొక్కలకు పూర్తిగా వర్తిస్తుంది. పొలంలో ఆ కారకం తరచుగా నీరు లేదా నత్రజని. తొట్టెలో చాలా సందర్భాలలో అది కర్బనం. వాయువులు గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. గాలితో సమతాస్థితిలో ఉన్న నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. దట్టంగా నాటిన మొక్కలు దీపం వెలిగిన కొద్ది గంటలలోనే దానిని వినియోగించుకుంటాయి. ఆ తరువాత ఎంత కాంతి ఇచ్చినా, ఎంత ఎరువు వేసినా కిరణజన్య సంయోగక్రియ పెరగదు. మిగిలిన కాంతినీ పోషకాలనూ వాడుకునేది నాచు.

నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను క్షారత, ఉదజని సూచికల ఆధారంగా అంచనా వేయవచ్చు. కాల్షియం కార్బొనేటు రూపంలో లీటరుకు 200 మి.గ్రా. క్షారత ఉన్న బోరు నీటిని ఉదాహరణగా తీసుకుందాం. క్షారతకు బైకార్బొనేట్లే ప్రధాన కారణమైతే, ఉదజని సూచిక 8.0 వద్ద ఆ నీటిలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు 3 మి.గ్రా. కొంచెం మించి ఉంటుంది. సూచిక 8.5కు చేరితే అది 1 మి.గ్రా.కు తగ్గుతుంది. సిలిండరు ద్వారా వాయువును అందించేవారు లీటరుకు 20 నుండి 30 మి.గ్రా. స్థాయిని లక్ష్యంగా పెట్టుకుంటారు. అంతకు మించితే చేపలు నీటి ఉపరితలానికి చేరి రొప్పుతాయి. రాత్రివేళ మొక్కలు కూడా ఆక్సిజన్‌ను గ్రహించి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. కనుక దీపం ఆర్పే సమయానికి వాయు సరఫరాను నిలిపివేయాలి.

కాంతి యాజమాన్యం

మొక్కలు నీరసించినప్పుడు దీపం తీవ్రతను పెంచడం సాధారణంగా జరిగే పొరపాటు. కాంతి పెరిగితే కర్బనం, నత్రజని, ఇనుము వంటి అన్ని అవసరాలూ పెరుగుతాయి. కార్బన్ డయాక్సైడ్ అందించని తొట్టెలో మధ్యస్థ కాంతిని రోజుకు 6 నుండి 8 గంటలు మాత్రమే ఇవ్వాలి. ప్రతిరోజూ ఒకే వేళకు దీపం వెలిగి ఆరేలా టైమరు అమర్చుకోవడం మేలు. కిటికీ గుండా నేరుగా ఎండ పడే చోట తొట్టెను ఉంచరాదు. ఎండ వలన నాచు పెరగడమే కాక నీరు వేడెక్కుతుంది. నీటి ఉష్ణోగ్రత 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగితే అందులో కరగగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 8.3 మి.గ్రా. నుండి 7.6 మి.గ్రా.కు తగ్గుతుంది. మన ప్రాంతాలలో వేసవిలో ఈ అంశంపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

నీటికి తగిన మొక్క

నేలకు తగిన పంట అన్నట్లే నీటికి తగిన మొక్కను ఎంచుకోవాలి. హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లమ్ మొక్కలు కార్బన్ డయాక్సైడ్ కొరవడినప్పుడు నీటిలోని బైకార్బొనేట్లనుండి కర్బనాన్ని గ్రహించగలవు. కఠిన జలం గల బోరు నీటికి ఇవి అనువైనవి. నెమ్మదిగా పెరిగే అనూబియాస్, జావా ఫెర్న్ తక్కువ కాంతిలోనూ నిలదొక్కుకుంటాయి. ఎర్రని ఆకుల రొటాలా, అమ్మానియా రకాలకు మాత్రం మంచి కాంతితో పాటు కార్బన్ డయాక్సైడ్ సరఫరా కావాలి. రొటాలా, అమ్మానియా, లిమ్నోఫిలా, మార్సీలియా ప్రజాతుల మొక్కలను మనం వరి పొలంలో కలుపుగా లెక్కిస్తాం. వాటి జీవన విధానం తెలిసిన విద్యార్థికి తొట్టెలోని మొక్కల ప్రవర్తన సులభంగా బోధపడుతుంది.

నాటే విధానం

నర్సరీలు అనేక అక్వేరియం మొక్కలను తేమ గల గాలిలో, నీటికి పైన పెంచి అమ్ముతాయి. ఆ ఆకులకు పత్రరంధ్రాలు, మైనపు పొర ఉంటాయి. నీట మునిగిన తరువాత అవి నిరుపయోగమై కరిగిపోతాయి. రెండు మూడు వారాలలో నీటికి అనువైన పలుచని కొత్త ఆకులు వస్తాయి. ఈ దశలో మొక్క చనిపోయిందని పీకివేయడం కాని, ఎరువు మోతాదు పెంచడం కాని చేయరాదు. కుళ్లిన ఆకులను మాత్రమే తొలగించాలి.

అడుగున 2 నుండి 3 మి.మీ. పరిమాణం గల గులకను 5 నుండి 7 సెం.మీ. మందాన పరచాలి. దానిపై కొన్ని చుక్కలు వెనిగర్ వేసి చూడాలి. నురగ వస్తే అందులో సున్నపురాయి లేదా గవ్వ ముక్కలు ఉన్నట్లు. అటువంటి గులక నీటి కఠినత్వాన్ని పెంచుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్ కొమ్ములను గులకలో పూడ్చితే కుళ్లుతాయి. వాటిని రాయికి లేదా కర్రకు దారంతో కట్టాలి.

పోషకాలు, మోతాదు

మోతాదు నిర్ణయానికి ముందు నీటి పరిమాణాన్ని సరిగా లెక్కించాలి. 60 × 30 × 40 సెం.మీ. తొట్టె కొలతల ప్రకారం 72 లీటర్లు. గులకకు 6 సెం.మీ., పైన ఖాళీకి 4 సెం.మీ. తీసివేస్తే మిగిలేది 54 లీటర్లు మాత్రమే.

చేపలు తగినన్ని ఉన్న, తక్కువ కాంతి గల తొట్టెలో నత్రజని, భాస్వరం మేత ద్వారానే లభిస్తాయి. దట్టంగా నాటి, కార్బన్ డయాక్సైడ్ అందించే తొట్టెలో అదనపు పోషణ అవసరం. ఇందుకు 13-0-45 (పొటాషియం నైట్రేట్) అనువైనది. 100 లీటర్ల నీటికి 1.6 గ్రాములు కలిపితే నైట్రేట్ లీటరుకు సుమారు 10 మి.గ్రా., పొటాషియం 6 మి.గ్రా. పెరుగుతాయి. 0-52-34ను 100 లీటర్లకు 0.14 గ్రాములు కలిపితే ఫాస్ఫేట్ లీటరుకు 1 మి.గ్రా. పెరుగుతుంది. ముందుగా పరీక్షా కిట్‌తో నైట్రేట్‌ను కొలిచి, అవసరమైన మేరకే కలపాలి.

యూరియా, డి.ఎ.పి., 19-19-19 వంటి ఎరువులను తొట్టెలో వాడరాదు. వాటినుండి వెలువడే అమ్మోనియా చేపలకు ప్రాణాంతకం. 25 డిగ్రీల వద్ద, ఉదజని సూచిక 7.0 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం 0.6 శాతం మాత్రమే, సూచిక 8.0 వద్ద అది 5 శాతం దాటుతుంది. అంటే మన కఠిన జలంలో ప్రమాదం దాదాపు పది రెట్లు. రాగి కలిసిన సూక్ష్మపోషక మిశ్రమాలు రొయ్యలకు, నత్తలకు హాని చేస్తాయి.

లోప లక్షణాలు

నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో సులభంగా కదిలే మూలకాలు. కనుక వాటి లోపం ముదురు ఆకులలో ముందుగా కనిపిస్తుంది. ముదురు ఆకు అంతటా పసుపుబారితే నత్రజని లోపంగా, ఆకుపై సూది రంధ్రాల వంటి మచ్చలు ఏర్పడితే పొటాషియం లోపంగా అనుమానించాలి. ఇనుము కదలని మూలకం. దాని లోపంలో లేత ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి.

వరి నారుమడిలో ఇనుప లోపానికి అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమని చెప్పడం మనకు పరిపాటి. తొట్టెలో ఆ సలహా పనికిరాదు. క్షార స్వభావం గల నీటిలో అన్నభేదిలోని ఇనుము త్వరగా ఆక్సీకరణ చెంది, తుప్పు రంగు మడ్డిగా అడుగుకు చేరుతుంది. చీలేటు రూపంలోని ఇనుమునే వాడాలి. సూచిక 7.0 లోపు ఉన్న నీటిలో ఇ.డి.టి.ఎ., 7.5 వరకు డి.టి.పి.ఎ. చీలేట్లు నిలకడగా ఉంటాయి. 12 శాతం ఇనుము గల ఇ.డి.టి.ఎ. చీలేటును 100 లీటర్లకు 80 మి.గ్రా. కలిపితే లీటరుకు సుమారు 0.1 మి.గ్రా. ఇనుము లభిస్తుంది.

నాచు నివారణ

నాచును కలుపుగా పరిగణించాలి. పంట సందు ఇవ్వని చోట కలుపు పెరగదు. ఆరంభంలోనే సెరటోఫిల్లమ్ వంటి త్వరగా పెరిగే మొక్కలను దట్టంగా నాటడం, దీపం సమయాన్ని తగ్గించడం, చేపలు రెండు మూడు నిమిషాలలో తినగలిగినంత మేతే వేయడం, వారానికి మూడో వంతు నీటిని మార్చడం ప్రధాన చర్యలు. కుళాయి నీటిలోని క్లోరిన్ పోయేందుకు దానిని ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలువ ఉంచి వాడాలి. రసాయనిక నాచు నాశకాలు తాత్కాలికంగా పనిచేసినా, అసలు కారణమైన అసమతుల్యతను సరిచేయవు.

కత్తిరించిన మొక్కల విసర్జన

అలంకరణ కోసం మన దేశానికి వచ్చిన గుర్రపుడెక్క చెరువులకూ కాలువలకూ ఎంత భారమైనదో విస్తరణ శాస్త్రవేత్తలకు చెప్పనవసరం లేదు. ఇతర ఖండాలనుండి వచ్చిన కబోంబా వంటి అక్వేరియం మొక్కలు చిన్న తునక నుండి కూడా తిరిగి పెరుగుతాయి. కత్తిరించిన కొమ్మలను, తొట్టె నీటిని కాలువలలో, చెరువులలో వదలరాదు. కొమ్మలను పూర్తిగా ఎండబెట్టి కంపోస్టులో వేయాలి. తొట్టె నీటిని పెరటి మొక్కలకు పోస్తే అందులోని నైట్రేటు కూడా సద్వినియోగమవుతుంది.

ముగింపు

సలహా కోరి వచ్చిన పెంపకందారుని ముందుగా ఏ ఎరువు వేశారని కాక, నీటి క్షారత, ఉదజని సూచిక, దీపం వెలిగే గంటలు, చేపల సంఖ్య అడిగి తెలుసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ లభ్యతకు తగినట్లు కాంతిని, కాంతికి తగినట్లు పోషకాలను, నీటికి తగినట్లు మొక్కలను నిర్ణయించడం ఈ క్రమంలోనే జరగాలి. విద్యార్థులకు ఈ తొట్టె తక్కువ ఖర్చుతో ఏర్పడే ప్రయోగశాల కూడా. కనిష్ఠ సూత్రం, నత్రీకరణ, మూలకాల చలనశీలత వంటి పాఠ్యాంశాలను అందులో కొద్ది వారాలలోనే ప్రత్యక్షంగా చూడవచ్చు.