ఎవరితో ఆడాలో ఎవరు చెప్పాలి?

బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌కి సెలక్ట్ అయితే ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున ఆడతాడు. అదే వీధిలో ఉండే వాడి ఫ్రెండు జేఎన్‌టీయూ కాకినాడ అఫిలియేషన్ ఉన్న కాలేజీలో చేరితే కాకినాడ తరఫున ఆడతాడు. చిన్నప్పట్నుంచీ ఒకే గ్రౌండ్‌లో ఆడినవాళ్లు సౌత్ జోన్‌లో ఎదురెదురు పడొచ్చు. ఇద్దర్నీ ఎవరూ అడగలేదు. అఫిలియేషన్ కాయితమే టీమ్‌ని నిర్ణయించేసింది.

మన దేశంలో యూనివర్సిటీల మధ్య పోటీలు అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ నడుపుతుంది. దేశాన్ని జోన్లుగా విడగొట్టి, ముందు జోన్‌లో ఆడిస్తారు. అక్కడ ముందు నిలిచిన జట్లే ఆలిండియాకి వెళ్తాయి. మనది సౌత్ జోన్. కాలికట్ లాంటి కేరళ యూనివర్సిటీలూ ఇందులోనే ఉన్నాయి కాబట్టి ఫుట్‌బాల్‌లో మనవాళ్లకి దారి ఎంత ఇరుకో ఊహించుకోండి. అలాగని "మేం వేరే జోన్‌కి పోతాం" అనడానికి లేదు. మ్యాప్‌లో ఎక్కడుంటే అక్కడే.

గ్రూపు మారాలంటే పైనుంచి జీవో రావాలి. రేపల్లె దాటి పెనుమూడి-పులిగడ్డ వారధి ఎక్కితే అవతల అవనిగడ్డ. ఒకప్పుడు ఆ రెండు ఒడ్ల డిగ్రీ కాలేజీలూ నాగార్జున కిందే ఉండేవి. 2008లో మచిలీపట్నంలో కృష్ణా యూనివర్సిటీ వచ్చాక అవతలి ఒడ్డు అటు పోయింది. జేఎన్‌టీయూ ముక్కలయిందీ ఆ ఏడాదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి తెనాలి గుంటూరులో ఉండిపోతే, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లినట్టే ఇదీనూ. ఆటల గురించి మాత్రం ఎక్కడా ఓ గొడవ జరిగిన గుర్తు లేదు.

అమెరికాలో ఇదే పని యూనివర్సిటీలు తమంతట తాము చేస్తాయి. అభిమానులు రెండు వర్గాలుగా చీలి తిట్టుకుంటారు. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని ఎక్కువసేపు చేత్తోనే పట్టుకుని ఆడే ఆట (పేరు పెట్టినవాణ్ణి అడగాలి). యూనివర్సిటీలు కొన్ని కలిసి కట్టిన గ్రూపుని కాన్ఫరెన్స్ అంటారు. అది మన జోన్‌ లాంటిది కాదు. మ్యాచ్‌ల టీవీ హక్కుల్ని గుత్తగా అమ్ముకునే సంఘం అనుకుంటే దగ్గరగా ఉంటుంది.

2022 జూన్ 30న లాస్ ఏంజిలెస్ యూనివర్సిటీలు యూసీఎల్ఏ, యూఎస్‌సీ తమ పాత గ్రూపు ప్యాక్-12ని వదిలి బిగ్ టెన్‌కి వెళ్తున్నట్టు ప్రకటించాయి. బిగ్ టెన్ 1896 నాటిది. పేరులో పదే గానీ ఇప్పుడు సభ్యులు పద్దెనిమిది మంది. ఏడేళ్ల టీవీ ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే. ఆ లెక్క చూశాక ప్యాక్-12లో మిగతావీ ఆగలేదు. 2023 ఆగస్టులో ఆరెగన్, వాషింగ్టన్ కూడా బిగ్ టెన్‌కే పోయాయి. మన సీనియర్లు ఎమ్మెస్‌కి ఎక్కువగా వెళ్లే అరిజోనా స్టేట్ బిగ్ 12 దారి పట్టింది. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పసిఫిక్ తీరాన ఉండి 'అట్లాంటిక్ కోస్ట్' కాన్ఫరెన్స్‌లో చేరాయి! నూరేళ్ల చరిత్ర ఉన్న గ్రూపులో చివరికి మిగిలింది ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే.

వెళ్లినవాళ్ల అభిమానుల మాట కొట్టిపారేసేది కాదు. ఫుట్‌బాల్ తెచ్చే డబ్బుతోనే ఈత, జిమ్నాస్టిక్స్, వాలీబాల్ జట్లు బతుకుతాయి. 2025 నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా. చిన్న గ్రూపులో ఉన్నది ఆ పోటీకి నిలవలేదు. మంచి ఆటగాడు మూటాముల్లె సర్దుకుంటాడు.

మిగిలిపోయినవాళ్ల బాధ వేరు. ఆరెగన్, ఆరెగన్ స్టేట్ జట్లు 1894 నుంచి తలపడుతున్నాయి. పక్కూరి వాణ్ణి ఓడించి, ఏడాదంతా వాణ్ణి ఏడిపించడంలో ఉన్న మజా దూరపు జట్టుని ఓడిస్తే వస్తుందా? ఇక ప్రయాణం సంగతి. బిగ్ టెన్‌లో న్యూజెర్సీకి చెందిన రట్గర్స్ కూడా ఉంది. లాస్ ఏంజిలెస్ నుంచి అక్కడికి దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. రేపల్లె నుంచి శ్రీనగర్‌కి తిన్నగా గీత గీస్తే వచ్చే దూరానికి ఇంచుమించు రెట్టింపు. ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొత్తంలో ఆడేది పన్నెండు మ్యాచ్‌ల చిల్లర, అదీ ఎక్కువగా శనివారాల్లో. వాలీబాల్ అమ్మాయిలు మాత్రం వారం మధ్యలో కూడా విమానం ఎక్కాలి, దిగి ల్యాబ్ రికార్డు రాయాలి. టీవీ డబ్బు ఎవరి ఆట వల్ల వచ్చిందో వాళ్లకంటే ఎక్కువ తిరుగుడు వీళ్లకే.

నాకైతే కొందరు అభిమానులు చెప్పే మధ్యేమార్గమే సబబుగా తోస్తుంది. ఫుట్‌బాల్‌ని ఒక్కదాన్నీ విడదీసి టీవీ వాళ్ల ఇష్టానికి వదిలేసి, మిగతా ఆటల్ని పాత ఇరుగుపొరుగు గ్రూపుల్లోనే ఆడించాలి. మిగిలిన ఆ రెండు యూనివర్సిటీలేమో బోయిసీ స్టేట్, శాన్‌డియేగో స్టేట్ వంటి వాటిని కలుపుకుని 2026లో ప్యాక్-12ని మళ్లీ నిలబెట్టుకునే పనిలో పడ్డాయి. ఎమ్మెస్‌కి వెళ్లబోయేవాళ్లూ ఈ గొడవ మనకెందుకు అనుకోకండి. చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో స్టూడెంట్ ఫీజులోంచి కొంత అథ్లెటిక్స్‌కే పోతుంది. స్టేడియం మొహం చూడకపోయినా ఆ డాలర్లు మన ఎడ్యుకేషన్ లోన్‌లోంచే వెళ్తాయి.

మన దగ్గర గొడవ లేకపోవడానికి కారణం మనం మంచివాళ్లమవడం కాదు, చూసేవాళ్లు లేకపోవడం. టీవీ డబ్బు మన చేతిలో లేదు సరే, పొరుగూరు మాత్రం ఉంది కదా! తెనాలి నుంచి రేపల్లెకి ప్యాసింజర్ ఎక్కితే గంట పైచిలుకు, బాపట్లకీ ఇంచుమించు అంతే. మూడూళ్ల కాలేజీలు అఫిలియేషన్ పక్కనపెట్టి, సెమిస్టర్‌కి రెండు ఆదివారాలు ఆడుకోవడానికి జీవో అక్కర్లేదు. పీడీ సార్లు సరేనంటే చాలు. మొదటి మ్యాచ్ ఎక్కడ పెట్టాలనే దగ్గర మాత్రం తెనాలివాళ్లూ బాపట్లవాళ్లూ కొట్టుకుంటారు, అది ఖాయం.