మెడ ఆపరేషన్ తర్వాత భుజం మాటేమిటి?

విశాఖ నుంచి అనకాపల్లి వైపు హైవే మీద వెళ్తే, కూర్మన్నపాలెం దాటాక అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంటుంది. ముంబయి టాటా మెమోరియల్ సెంటర్ నడిపే ఆసుపత్రి ఇది. ఇటువంటి చోట వార్డు వరండాలో చెవి వెనక నుంచి కంఠం దాకా పిన్నుల వరసతో, చేతిలో డ్రెయిన్ సీసాతో నెమ్మదిగా నడిచేవాళ్లు కనిపిస్తారు. నాలుకకో, బుగ్గకో, చిగుళ్లకో క్యాన్సర్ వచ్చినప్పుడు గడ్డతో పాటు మెడలోని బిళ్లల్ని (లింఫ్ గ్రంథుల్ని) కూడా తీసేస్తారు. దాన్నే నెక్ డిసెక్షన్ అంటారు. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవాళ్ల కోసం.

ప్రశ్న: మా ఆయనకి నాలుక క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, కుడివైపు మెడలో బిళ్లలు కూడా తీశారు. నెల దాటింది, కుట్లు మానాయి. కానీ కుడి చెయ్యి భుజం ఎత్తుకి మించి లేవడం లేదు. చొక్కా నేనే తొడగాల్సి వస్తోంది. చెవి తమ్మె మొద్దుబారిపోయింది. ఆపరేషన్‌లో ఏమైనా తేడా జరిగిందా?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: తేడా జరిగిందని అనుకోనక్కర్లేదు. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందిలో కనిపించే ఇబ్బందే ఇది. మెడ కోస్తే చెయ్యి ఎందుకు పడిపోతుందన్నదే ఇంట్లోవాళ్లకు అంతుపట్టదు. డిశ్చార్జి రోజున మందుల చీటీ వివరించినంత ఓపిగ్గా భుజం సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

మెదడు నుంచి వచ్చే పదకొండో నరం, స్పైనల్ యాక్సెసరీ నరం, మెడ పక్కగా సరిగ్గా ఆ బిళ్లల మధ్య నుంచే దిగుతుంది. మెడ నుంచి భుజం మీదుగా నడుం పైభాగం దాకా పరుచుకున్న ట్రెపీజియస్ కండరాన్ని నడిపించేది అదే. ఆ కండరం పనిచేయకపోతే భుజం కిందికి వాలుతుంది, వెనక రెక్క ఎముక పొడుచుకొస్తుంది, చెయ్యి పక్కకి ఎత్తబోతే సగంలో ఆగిపోతుంది. అమెరికా సర్జన్ జార్జ్ క్రైల్ 1906లో 132 ఆపరేషన్ల అనుభవంతో ఈ శస్త్రచికిత్సకు ఒక పద్ధతి ఏర్పరచినప్పుడు బిళ్లలతో పాటు మెడ కండరం, పెద్ద సిర, ఈ నరం అన్నీ తీసేసేవారు. ప్రాణం నిలిచేది కానీ భుజం పోయేది. 1960లలో అర్జెంటీనా వైద్యుడు ఓస్వాల్డో సువారెజ్ వీటిని వదిలిపెట్టి బిళ్లల్ని మాత్రమే తీయవచ్చని చూపించారు. ఇప్పుడు వీలున్నంతవరకు నరాన్ని కాపాడుతూనే చేస్తారు. అయితే చుట్టూ ఉన్న కొవ్వునీ బిళ్లల్నీ తీసేటప్పుడు నరం సాగుతుంది, నలుగుతుంది. తెగకపోయినా కొన్ని నెలలు మూగబోతుంది. అది తేరుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. గడ్డ నరాన్ని అంటుకుని ఉంటే మాత్రం దాన్ని తీయక తప్పదు. మీ ఆయన విషయంలో ఏది జరిగిందో ఆపరేషన్ నోట్స్‌లో రాసి ఉంటుంది. వచ్చే విజిట్‌లో నేరుగా అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఈలోగా చెయ్యి కదల్చకుండా కూర్చోబెడితే నరం కోలుకునేసరికి భుజం కీలు బిగుసుకుపోతుంది. అసలు ప్రమాదం అదే. సర్జన్ సరేనన్నాక రోజుకు మూడుసార్లు గోడ దగ్గర నిలబెట్టండి. అరచెయ్యి గోడకు ఆనించి, చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి కదుపుతూ పైకి పాకించాలి. నొప్పి మొదలైన చోట ఆగి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేళ్లతోనే కిందికి దించాలి. చెయ్యి ఒక్కసారిగా వదిలేయకూడదు. చేరిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ వేయండి. వారం తర్వాత గీత రెండంగుళాలు పైకి జరిగితే మీ ఆయనకి మీరు చెప్పే ధైర్యం కంటే ఆ గీతే ఎక్కువ చెబుతుంది. వెల్లకిలా పడుకుని రెండు చేతులతో కర్ర పట్టుకుని, మంచి చేతి సాయంతో రెండోదాన్ని తల పైకి తీసుకెళ్లడం, భుజాల వెనక రెక్కల్ని దగ్గరికి నొక్కడం రోజూ చేయాల్సినవే.

కొన్ని వారాలు గడిచాక కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ చేసే వ్యాయామం అవసరమవుతుంది. కెనడాలోని ఆల్బెర్టాలో తల, మెడ క్యాన్సర్ చికిత్స పూర్తయిన 52 మందితో జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. 12 వారాల పాటు క్రమంగా బరువులు పెంచుతూ వ్యాయామం చేసినవాళ్లలో భుజం నొప్పి, ఇబ్బంది మామూలు వ్యాయామం చేసినవాళ్లలో కన్నా బాగా తగ్గాయి. ఇది సొంతంగా డంబెల్స్ కొనుక్కుని చేసే పని కాదు, ఫిజియోథెరపిస్ట్ పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి.

కూర్చున్నప్పుడు ఆ మోచేతి కింద దిండు పెట్టండి, నడిచేటప్పుడు చెయ్యి జేబులో ఉంచుకోమనండి. వేలాడే చెయ్యి భుజాన్ని కిందికి లాగి నొప్పి పెంచుతుంది. నీళ్ల క్యాను, గ్యాస్ బండ, బియ్యం సంచి ఆయన చేత మోయించకండి.

చెవి తమ్మె మొద్దుబారడం వేరే నరం వల్ల. స్పర్శ ఏడాదిలో కొంత తిరిగి రావచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు. దానివల్ల ప్రాణానికి ముప్పేమీ లేదు కానీ చర్మానికి వేడి, కోత తెలియవు. కాపడం పెట్టకండి. గడ్డానికి బ్లేడు బదులు ఎలక్ట్రిక్ షేవర్ మేలు. ఇక, క్షౌరం అయ్యాక తలకి మాలిష్ చేసి మెడని ‘పుటుక్కు’మనిపించే అలవాటున్న షాపుకి వెళ్తుంటే ఆ సేవ ఇక వద్దని ముందే చెప్పమనండి. ఆపరేషన్ అయిన మెడకే కాదు, ఏ మెడకీ అది మంచిది కాదు.

ప్రశ్న: మా అమ్మని డ్రెయిన్ పైపుతోనే ఇంటికి పంపారు. ఎప్పుడు తీస్తారు? దేనికి భయపడాలి?
– శ్రీకాకుళం

జవాబు: సాధారణంగా 24 గంటల్లో వచ్చే ద్రవం 25, 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గాక తీస్తారు. రోజూ ఒకే వేళకి కొలిచి, అంకె, రంగు నోటుబుక్కులో రాయండి. మొదట ఎర్రగా, తర్వాత లేత పసుపుగా మారడం మామూలే. పాలలా తెల్లబడితే, ముఖ్యంగా ఎడమవైపు ఆపరేషన్ అయితే, ఆ రోజే ఫోన్ చేయండి. తిన్న కొవ్వుని రక్తంలో కలిపే నాళం మెడ ఎడమ అడుగునే ఉంటుంది, అది కారుతోందేమో చూడాలి. కొన్నాళ్లు కొవ్వు లేని ఆహారంతోనే చాలాసార్లు ఆగిపోతుంది.

మెడ ఉన్నట్టుండి ఉబ్బినా, ఊపిరి బరువైనా, గాయం నుంచి ఎర్రటి రక్తం వచ్చినా ఫోన్లతో పొద్దుపుచ్చకండి, 108కి చెప్పి దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గాయంలోంచి లాలాజలం లేదా చీము రావడం కూడా ఆ రోజే చూపించాల్సినవి. పడుకునేటప్పుడు తల ఎత్తుగా ఉంచితే వాపు తగ్గుతుంది. పొద్దున్నే గదవ కింద సంచిలా ఉబ్బి మధ్యాహ్నానికి తగ్గే వాపు చాలా నెలలు ఉంటుంది, దానికి ప్రత్యేకమైన మర్దన ఉంది. ఫిజియోథెరపిస్ట్ నేర్పిస్తారు.

ప్రశ్న: మా అత్తగారు పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, చేప ఏదీ పెట్టనివ్వడం లేదు. పప్పు తింటే చీము పడుతుందంటున్నారు. కారప్పొడి అన్నం మింగలేక మా మావగారు చిక్కిపోతున్నారు.
– విజయనగరం

జవాబు: చీము పట్టించేది పప్పు కాదు, సూక్ష్మజీవులు. గాయం మానడానికి కావాల్సిందే మాంసకృత్తులు. ఈ దశలో శరీర బరువు కిలోకి రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా అవసరం. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. కోడిగుడ్డులో దాదాపు 6 గ్రాములుంటాయి, గ్లాసు పాలలోనూ సుమారుగా అంతే. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

పెద్దావిడతో వాదన పెట్టుకోకుండా పని జరిపించే దారులున్నాయి. చోడి అంబలి ఆవిడ కాదనలేరు, అందులో పాలు, పాలపొడి కలపండి. పప్పు మెత్తగా ఉడికించి కట్టులా చేసి, నెయ్యి వేసి అన్నంతో గుజ్జుగా పిసికి పెట్టండి. మన తీరంలో చేపకేం కొదవ? ముళ్లు తక్కువున్న వంజరం ఉడికించి, ఒక్కో రేకూ వేళ్లతో విప్పి చూసి పెట్టండి. ఆపరేషన్ అయిన నోటికి ముల్లు తగిలినా తెలియదు. కారప్పొడి, ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే. మింగేటప్పుడు దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో పరీక్షించాలి. నీళ్లకే పొరపోతే సొంత ప్రయోగాలు వద్దు.

ప్రశ్న: నేను క్రేన్ ఆపరేటర్‌ని. ఆపరేషన్ అయి రెండు నెలలైంది. డ్యూటీలో ఎప్పుడు చేరొచ్చు?
– ఉక్కునగరం

జవాబు: కుర్చీలో కూర్చుని చేసే పనికీ మీ పనికీ ఒకే తేదీ చెప్పలేం. క్యాబిన్‌కి నిచ్చెన ఎక్కాలి, హుక్కు కోసం మెడ వంచి చూడాలి, లివర్లు గంటల తరబడి పట్టుకోవాలి. ఆ చేత్తో తల పైనున్న కమ్మీ పట్టుకుని సొంత బరువు ఆపుకోగలగాలి. రెండు పక్కలకీ మెడ తిప్పి భుజం మీదుగా చూడగలగాలి. ఈ రెండూ రాకుండా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం తొందరపడితే ముప్పు మీ ఒక్కరికే కాదు, హుక్కు కింద తిరిగేవాళ్లందరికీ. పోర్టులో లాషింగ్ రాడ్లు తలపైకి ఎత్తి బిగించే కార్మికులకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లు ఇంకా ఎక్కువ కాలం ఆగాల్సి రావచ్చు. ముందు లైట్ డ్యూటీ, జనరల్ షిఫ్ట్ అడగండి. హెల్మెట్ పట్టీ మచ్చ మీద రాసుకోకుండా మెత్తటి గుడ్డ చుట్టండి. రేడియేషన్ నడుస్తున్నన్నాళ్లూ, ఆ తర్వాత చర్మం మానేదాకా ఫర్నేసు వేడికి, ఎండకి మెడ చూపించకండి.

ప్రశ్న: నాన్నగారి మెడలో బిళ్ల ఏదీ చేతికి తగల్లేదు. అయినా తీశారు. ఇప్పుడు రేడియేషన్ కూడా అంటున్నారు. పంట పనులయ్యాక పెట్టించుకోవచ్చా?
– అనకాపల్లి

జవాబు: చేతికి తగలనంత మాత్రాన బిళ్లలో క్యాన్సర్ లేదని కాదు. దీని మీద టాటా మెమోరియల్‌లోనే డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం పెద్ద అధ్యయనం చేసింది. తొలి దశ నోటి క్యాన్సర్ రోగుల్లో కొందరికి ముందే మెడ ఆపరేషన్ చేశారు, కొందరికి బిళ్ల కనిపించాకే చేశారు. 500 మంది ఫలితాలు 2015లో వచ్చాయి. ముందే చేయించుకున్నవాళ్లలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉంటే, రెండో గుంపులో 67.5 శాతం. ప్రపంచమంతటా సర్జన్లు దీన్ని ప్రమాణంగా తీసుకున్నారు.

పంట కోసం రేడియేషన్ వాయిదా వేయకండి. ఊళ్లల్లో ‘కరెంటు పెట్టడం’ అనే ఈ చికిత్స అవసరమని తేలితే ఆపరేషన్ జరిగిన ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలి. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు నడుస్తుంది. పాడైన పళ్లుంటే ముందే తీయించి చిగురు మాననివ్వాలి. రేడియేషన్ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. నోరు మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకుంటోందో లేదో రోజూ చూసుకోవాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు టీఎస్‌హెచ్ పరీక్ష తప్పనిసరి, థైరాయిడ్ మందగించడం మామూలే. జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే కాబట్టి తొలి ఏడాది నెల నుంచి మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

ప్రశ్న: అమ్మకి అంగిలి క్యాన్సర్‌కి, మెడకి ఆపరేషన్ అయింది. అయినా పెరట్లోకి వెళ్లి అడ్డపొగ తాగుతోంది. ఇంకేం మిగిలిందని మానమంటారు అంటోంది.
– టెక్కలి

జవాబు: నిప్పు నోట్లో పెట్టి చుట్ట కాల్చే ఈ అలవాటు మన ఉత్తరాంధ్రను వైద్య గ్రంథాలకి ఎక్కించింది. 1971లో వెలువడిన అధ్యయనం కోసం నోటి వ్యాధుల పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించింది. అంగిలి క్యాన్సర్ బయటపడిన 19 మందీ అడ్డపొగ తాగేవాళ్లే. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి 1974లో ఈ రెంటి సంబంధం మీద మరో పరిశోధన ప్రచురించారు.

మిగిలింది చాలా ఉందని అమ్మకి చెప్పండి. పొగ మానకపోతే గాయం ఆలస్యంగా మానుతుంది, రేడియేషన్ సరిగా పనిచేయదు, నోట్లో మరోచోట కొత్త క్యాన్సర్ పుట్టవచ్చు. తిట్టి మాన్పించలేరు. నలభై ఏళ్ల అలవాటు నికోటిన్ వ్యసనం, దానికి మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఆమె ఎదుటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి. ఇంట్లో, ఇరుగుపొరుగున అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకెవరున్నా పగటి వెలుగులో నోరు తెరిపించి అంగిలి చూడండి. తెల్లటి మచ్చ గానీ, ఎర్రబారిన చోటు గానీ, రెండు వారాలకీ మానని పుండు గానీ కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.