తీసుకోవడం తెలిసిన అతిథి

స్థానికుల ఇంట్లో బస రెండు రకాలు: ధర ఉన్నది, ధర లేనిది. కరీబియన్ దేశమైన క్యూబాలో 1997 నుంచి మామూలు కుటుంబాలు ప్రభుత్వ అనుమతితో ఇంట్లోని గదులను యాత్రికులకు అద్దెకిస్తున్నాయి. వాటిని కాసా పర్టిక్యులర్ అంటారు. తలుపు మీద నీలిరంగు లంగరులాంటి గుర్తు ఉంటుంది. అద్దె కట్టేస్తే లెక్క సరి. తెలంగాణలోని సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో బసకు అలాంటి గుర్తు లేదు, తెలిసినవాళ్ల మాట మీద వెళ్లాలి. ఎంతివ్వమంటారని అడిగితే ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. ధర లేనిచోట అతిథి మీద బరువు ఎక్కువ. వ్యక్తిత్వ వికాస పాఠాలు ఎలా మాట్లాడాలో, ఎలా నెగ్గాలో చెబుతాయి. ఇంకొకరి పెట్టుబోతలను ఎలా అందుకోవాలో చెప్పేవి తక్కువ.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలు అంటారు. వాటి చప్పుడు పగలూ రాత్రీ వీధంతా వినిపిస్తుంది. కొత్తవాడికి మొదటి రాత్రి నిద్ర పట్టదు, ఇంటివాళ్లకు అది ఆగితేనే మెలకువ వస్తుంది. సాంచ నడిచిందంటే పని ఉన్నట్టు. 2017లో మొదలై కొన్నేళ్లు నడిచిన బతుకమ్మ చీరల వంటి ప్రభుత్వ ఆర్డర్లు ఉంటే చేతినిండా పని; లేకుంటే షెడ్లు మూగబోతాయి. పని లేని రోజుల్లోనూ చుట్టం వస్తే కోడి కొయ్యాల్సిందే. ఖర్చెందుకని వారించడం మోటుతనం, ఇంటి లేమిని ఎత్తి చూపినట్టు అవుతుంది. పచ్చిపులుసు, పప్పు తిని చాలా రోజులైందని పొద్దున్నే వంటింట్లో చెప్పడం మెరుగు. ఎదుటివాళ్ల మర్యాద నిలబెడుతూ వాళ్ల భారం తగ్గించడం ఏ శిక్షణ తరగతిలోనూ అంత తొందరగా అబ్బదు.

వరుస పెట్టి పిలవడంతోనే అతిథికి ఇంట్లో చోటు ఖాయమవుతుంది. వదినె అంటే పరాచికాలకు, అవ్వ అంటే మందలింపుకు ఒప్పుకున్నట్టే. మేడం, సార్ అన్నంతకాలం అతిథి గడప దగ్గరే ఉంటాడు.

కోరుట్లలో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి చేతులు ఆగితే డబ్బు పోయినట్టే. ముచ్చట పెట్టాలనుకునేవాడు పక్కన కూర్చుని, చేతులు ఆగకుండా మాట్లాడించాలి. అడగకుండా ఫోన్ తీసి ఫొటో కొట్టడం తప్పు. సంక్రాంతి ముందైతే వాడకట్టు ఆడవాళ్లంతా సకినాలు చుట్టడానికి కూడుతారు. అతిథీ చెయ్యి కలిపితే, అతని బియ్యప్పిండి చుట్టలు ముక్కలవుతుంటే నలుగురూ నవ్వుతారు. నగరంలో పెద్ద ఉద్యోగం చేసేవాడికి ఆ నవ్వు మేలు చేస్తుంది: చేతకాని పని అందరి ముందూ చేసి సిగ్గుపడకుండా ఉండటం అక్కడే అలవడుతుంది.

జగిత్యాల పల్లెల్లో గల్ఫ్ సంగతి వేరుగా చెప్పాలి. మగవాళ్లు దుబాయి, సౌదీ, మస్కట్‌లలో ఉంటే ముసలివాళ్లు, కోడలు, పిల్లలు ఊళ్లో ఉంటారు. సెలవు రోజు వీడియో కాల్ వస్తుంది. అప్పుడు అతిథి లేచి వాకిట్లోకి పోవాలి. జీతమెంత, అప్పెంత, ఎప్పుడొస్తాడు అని అడగకూడదు. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు. మగదిక్కు లేని ఇంట్లో పరాయి మగవాడు రాత్రి బస చెయ్యడం ఊరు హర్షించదు. భార్యతోనో, తల్లితోనో వెళ్లాలి, లేదంటే భోజనం చేసి మరోచోట పడుకోవాలి.

రెండు రాత్రులు చాలు. వెళ్లేటప్పుడు ఇంటావిడకు చీర, పిల్లల చేతిలో ఎంతో కొంత పెట్టడం మర్యాదే కానీ దాంతో బాకీ తీరదు. ఆ ఇంటి పిల్ల ఇంజినీరింగ్ కాలేజీలో చేరడానికో, కొడుకు గల్ఫ్ వీసా పనికో హైదరాబాద్ వచ్చినప్పుడు అతిథి ఇంట్లో పడుకోవడానికి చోటు, పొద్దున్నే ఇంత టిఫిను దొరకాలి. ఒక్క గది ఇల్లయినా సరే. అందుకు సిద్ధంగా లేనివాడు లాడ్జిలో దిగడమే మంచిది. సిరిసిల్లలో, జగిత్యాలలో లాడ్జీలకు కొదవ లేదు.