పంటి నొప్పికి, విరేచనములకు మందు – కొన్ని మెలకువలు

సికింద్రాబాదులో సైనిక వైద్యుడుగా ఉండిన రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మూలము తెలిసిన పిదపనే ఆ రోగమును అరికట్టు మార్గము స్పష్టపడెను. పంటి జబ్బులకును, కడుపు జబ్బులకును ఇదియే సూత్రము.

పన్ను పుచ్చినను, విరేచనములు పట్టుకొనినను మనలో అనేకులము అంగడిలో యాంటీబయాటిక్ బిళ్లలు కొని మింగుచున్నాము. పుచ్చిన పంటిని దంతవైద్యుడు బాగుచేయవలెను, లేదా తీసివేయవలెను; బిళ్ల ఆ పని చేయజాలదు. ముఖము వాచి జ్వరము వచ్చినచో ఆలస్యము కూడదు. నీళ్ల విరేచనములలో పెక్కింటికి ఓ.ఆర్.ఎస్. ద్రావణమే ముఖ్యము, పిల్లలకు జింకు బిళ్లలు కూడ ఈయవలెను. రక్తము పడినను, రోగి నీరసించినను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఒకే పురుగుమందు పదే పదే చల్లిన చేనిలో పురుగు దానికి లొంగకపోవుట రైతులెరిగినదే. సూక్ష్మక్రిములును అంతే. లొంగునవి చచ్చును, లొంగనివి మిగిలి పెరుగును, ఇరుగుపొరుగులకు సోకును. అప్పుడు బాలింత జ్వరమునకు, పసిబిడ్డ న్యుమోనియాకు ఆ మందు అక్కరకు రాకపోవచ్చును.

కావున అట్టపై ఎర్రగీత గల మందును వైద్యుని చీటీ లేక కొనరాదు. వైద్యుడు వ్రాసినచో చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడవలెను. మిగిలిన బిళ్లలు ఇతరులకు ఈయరాదు.

పంచాయతీ సభ్యులు ఈ విషయమును గ్రామసభలో తెలుపవలెనని మా మనవి. త్రాగునీటిలో క్లోరిన్ కలిపించుట, మురుగు నిలువకుండ చూచుట మరువరాదు. రోగము రాని ఊరికి మందుతో పనియే లేదు.