అడవిలో వంట : నిప్పు విషయమున జాగ్రత్తలు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతముల గ్రామవాసులకు నల్లమల అడవి పెరటి వంటిది. శివరాత్రికిని, ఉగాదికిని దోర్నాల మీదుగా శ్రీశైలము పోవువారు, శనివారమున నెమలిగుండ్ల రంగనాయకస్వామి దర్శనమునకు పోవువారు, కార్తికమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు చేయువారు ఎక్కడనో ఒకచోట మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించుట వాడుక. అయితే కార్తికమునాటి పొయ్యికిని ఉగాదినాటి పొయ్యికిని ఎంతో భేదము కలదు. కార్తికమున వానలు వెనుకబడినను నేలలో చెమ్మ యుండును. గడ్డి ఇంకను పచ్చగా నుండును. మాఘము దాటినంతనే చెట్లు ఆకు రాల్చును. ఏపుగా పెరిగిన బోదగడ్డి ఎండి గలగలలాడును. ముఖ్యమైన యాత్రలు రెండును సరిగా ఈ ఎండు దినములలోనే వచ్చుట మన ప్రాంతపు చిక్కు.

అడవి కాలినచో మనకేమి నష్టమని కొందరడుగుదురు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపుచున్నది. రాలిన ఆకుల పొర వాననీటిని పట్టి మెల్లగా నేలలోనికి దించును. ఆ పొర కాలిపోయిన కొండవాలు మీద పడిన మొదటి పెద్దవాన ఇంకక, బూడిదను, పైమట్టిని కొట్టుకొని వచ్చి వాగులలోను, చెరువులలోను పూడిక వేయును. అనగా చైత్రమున అడవిలో వదలిన నిప్పునకు మూల్యము చెల్లించువాడు ఆయకట్టు రైతు. అడవి లోపలి చెంచుగూడెముల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వారి ఇండ్లును, జీవనమును అక్కడనే యున్నవి.

కావున మొదటి మాట ఏమనగా, ఎండకాలమున అడవిలో వండకుండుటయే మేలు. పులిహోర, జొన్నరొట్టెలు, అటుకులు ఇంటినుండి కట్టుకొని పోయినచో ఒక పూట గడచిపోవును. ఈ అడవిలో చాల భాగము 1983 నుండి పులుల సంరక్షణ పథకము క్రింద నున్నది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము ప్రకారము శిక్షింపదగిన నేరము. వండక తప్పనిచో అధికారులు అనుమతించిన చోటనే వండవలెను.

అట్టిచోట పొయ్యి పెట్టునప్పుడు చుట్టును పది అడుగుల మేర ఆకులు, గడ్డి ఊడ్చి మట్టినేల కనబడునట్లు చేయవలెను. జానెడు లోతు గుంటలో పెట్టిన పొయ్యి గాలికి రవ్వలు చిమ్మదు. చెట్టు మొదట పొయ్యి పెట్టరాదు. ఎండిన వేరు అంటుకొన్నచో నిప్పు నేలలోపలనే ప్రాకి మరుసటి దినమున వేరొకచోట పైకి లేవవచ్చును. రాళ్ల విషయమున మనవారు మరియొకటి గమనింపవలెను. మార్కాపురపు పలకరాయి పొరలు పొరలుగా నుండును. అట్టి పొరరాయిని, అందునను వాగులో తడిసినదానిని పొయ్యికి వాడరాదు. పొరల నడుమ చేరిన నీరు ఆవిరియై రాయి పగిలి, పెచ్చులు వంట చేయువారి కంటికి తగులవచ్చును.

అన్నిటికంటె ఎక్కువ ప్రమాదము వంట ముగిసిన పిమ్మట నున్నది. మంట ఆరినంతనే నిప్పు ఆరినదనుకొందురు. బూడిద క్రింద కణికెలు గంటల తరబడి బ్రతికియుండును. యాత్రికులు పోయిన తరువాత మధ్యాహ్నపు గాలి బూడిదను లేపి వానిని ఎండుటాకులలోనికి దొర్లించును. మట్టి కప్పినంత మాత్రమున చాలదు; మట్టి క్రింద కూడ కణికె రాజుచుండును. నీరు పోసి, కర్రతో కలియబెట్టి, మరల నీరు పోయవలెను. ముంజేతి వెనుక భాగమును బూడిదకు దగ్గరగా పెట్టి చూచి, వేడి తగులనప్పుడే ఆరినదని నమ్మవలెను. ఈ సీమలో త్రాగునీరే కరవు, నిప్పుమీద పోయుటకెక్కడిదని అందురు. నిజమే. అందుకే బియ్యము కడిగిన నీరు, గంజి, గిన్నెలు కడిగిన నీరు పారబోయక ఒక బిందెలో ఉంచవలెను. నిప్పార్పుటకు మంచినీరే కానక్కరలేదు. అదియును చాలనిచో పొడిమట్టిని కణికెలతో మాటిమాటికి కలిపి చల్లార్చవలెను.

మండుచున్న పొయ్యిలో కిరోసిను పోయరాదు. చీరకొంగు నడుమున దోపుకొనవలెను. నైలాను బట్ట కరగి ఒంటికి అంటుకొనును. కాలిన గాయముమీద ఇరువది నిమిషములు చల్లని నీరు పోయుచుండవలెను. సిరా, పసుపు, పేడ పూయుట కీడు. గాయము పెద్దదైనచో 108 కు ఫోను చేయవలెను.

ఇన్ని జాగ్రత్తలకును మించి నిప్పు గడ్డికి అంటినచో, మోకాటి ఎత్తులోపు మంటను పచ్చికొమ్మలతో అంచునుండి కొట్టి ఆర్పవచ్చును. అంతకు మించినచో పిల్లలను, వృద్ధులను తీసికొని రాతినేలకో, వాగునకో పోవలెను. కొండ పైకి పరుగెత్తరాదు. వాలున నిప్పు మనిషికంటె వేగముగా ఎక్కును. పిమ్మట 101 కు గాని, ఫోను అందనిచోట దారిలోని అటవీశాఖ చెక్‌పోస్టుకు గాని తెలుపవలెను. భారత అటవీ సర్వే సంస్థ నేడు ఉపగ్రహముల ద్వారా అడవి మంటలను కనిపెట్టి సిబ్బందికి వార్త పంపుచున్నది. కాని ఆ ఉపగ్రహములు దినమునకు కొన్ని మారులే మన మీదుగా పోవును. నడుమ గంటలలో లేచిన పొగను ముందుగా చూచువాడు దారిన పోవు యాత్రికుడో, పశువుల కాపరియో అయి యుండును.